ఎడమ అరచేతి వెడల్పు

“గురువుగారూ, ఆలస్యంగా వచ్చారు. కేసు పొద్దున్నే ముగిసింది. టీ తాగి వెళ్ళండి,” అన్నాడు ఇస్త్రీ.

గేటు దగ్గర గడియారం రెండూ ఐదు చూపిస్తోంది. వాడికి ఇస్త్రీ అని పేరు పెట్టింది నేనే. ఇరవై ఏళ్ళ కిందట విమానాల మరమ్మతు షెడ్డులో వాడు నా చేతికింద పనిచేసేవాడు. ఒంటినిండా గ్రీజు పూసుకుని తిరిగే మా అందరి మధ్యా వాడి చొక్కా ఒక్కటే మడత నలగకుండా ఉండేది. ఇప్పుడు ఈ విమానాల కంపెనీలో వాడు విచారణ అధికారి. నేనేమో విరిగిన యంత్రాల వెనక నిజం వెతికిపెట్టే ప్రైవేటు డిటెక్టివ్‌ని. వాడికి చల్లటి గది ఉంది, నాకు మోకాలి నొప్పి ఉంది.

“ముగిసిన కేసైతే నాలుగింటికి పోలీసులెందుకురా?”

“ముగిసింది కాబట్టే. మనిషిని అప్పగించాలిగా.”

ఆ మనిషి కత్తెరమ్మ. ఒకప్పుడు మా షెడ్డులోనే విమానం సీట్లకు గుడ్డలు కుట్టేది. నన్ను అన్నయ్యా అని పిలిచేది. తర్వాత కాలం మారింది. అల్యూమినియం రేకులు కోసి రివెట్లు కొట్టే మాలాంటివాళ్ళ పని తగ్గింది. కార్బన్ నారతో నేసిన నల్లటి గుడ్డని కత్తిరించి, పొర మీద పొర పేర్చి, పెద్ద బట్టీలో ఉడికించి విమానం భాగాలు చేసే పని వచ్చింది. గుడ్డ అనేసరికి కుట్టుపని తెలిసిన చెయ్యి కావాలి. కత్తెరమ్మ ఇక్కడ చేరి పదకొండేళ్ళయింది. ఈ కంపెనీలో ఆవిడ చెయ్యి పడని భాగం లేదంటారు.

ఆవిడ కూతురు ఇక్కడే ఇంజనీరు. కొత్త విమానాన్ని పరీక్షకు ఎగరేసినప్పుడు పైలట్ పక్కన కూర్చుని రీడింగులు చూసే ఉద్యోగం. నాకు ఒంటిగంటకి ఫోన్ చేసింది ఆ పిల్లే.

“మామయ్యా, నేను మూడింటికి ఎక్కుతున్నాను. నాలుగున్నరకి దిగుతాను. దిగేసరికి అమ్మ ఇంట్లో ఉండాలి. స్టేషన్‌లో కాదు.”

“అమ్మని అనుమానించిన రోజు నువ్వు ఎగరకపోతేనేం?”

“నేను మానేస్తే, అమ్మ చేసిన విమానం మీద కూతురికే నమ్మకం లేదంటారు. అదే సాక్ష్యమైపోతుంది.”

ఫోన్ పెట్టేసి ఆటో ఎక్కాను.

ఇస్త్రీ తన కేసుని వేళ్ళ మీద అప్పజెప్పాడు. ఈ కొత్త తొమ్మిది సీట్ల విమానానికి ఇప్పటిదాకా నాలుగు తోక రెక్కలు తయారయ్యాయి. నాలుగోదాన్ని నిన్న పరీక్ష బల్లకు బిగించి వంచారు. మోయాల్సిన బరువులో సగం కూడా పడకముందే పైపెంకు లోపలి దూలం నుంచి ఊడి వచ్చేసింది. దాన్ని అతికించింది ఈ నెల పంతొమ్మిదిన, మధ్యాహ్నం రెండింటికి. అదే రోజు భోజనాల వేళ ఒంటీ పదికి కత్తెరమ్మ కార్డు గీసి అతుకుల గదిలోకి ఒంటరిగా వెళ్ళింది. ఒంటీ ఇరవై రెండుకి బయటికొచ్చింది. డిజైన్ రహస్యం కాబట్టి ఫ్యాక్టరీ మొత్తంలో కెమెరా లేని గది అదొక్కటే.

“పన్నెండు నిమిషాలు, గురువుగారూ! ఏం చేశావమ్మా అంటే చెప్పదు. పొద్దుటినుంచి మూడుసార్లు అడిగాను. పైగా పోయిన నెల సూపర్‌వైజర్ పోస్టు తనకంటే చిన్నదానికిచ్చారని అందరి ముందూ గొడవపడింది. కడుపుమంట. ఇంకేం కావాలి?”

“ఆవిడకి అబద్ధం చెప్పడం రాదురా. అందుకే నోరు మూసుకుంది. షెడ్డులో నువ్వు ఆవిడ టిఫిన్ డబ్బా తిన్నప్పుడూ అంతే. ఎవరు తిన్నారంటే చెప్పలేదు, తెలియదనీ అనలేదు.”

వాడి మొహం ఒక్క క్షణం మెత్తబడి, మళ్ళీ గట్టిపడింది.

“మిగతా మూడు రెక్కలూ?” అన్నాను.

“మూడింటినీ శబ్ద తరంగాలతో స్కాన్ చేయించాను. నిక్షేపంలా ఉన్నాయి. మొదటి రెండూ గోదాములో ఉన్నాయి, మూడోది విమానానికుంది. తప్పు నాలుగోదానిదే, అది కావాలని చేసిన పని. అలా రాసి నేను సంతకం పెట్టాకే ఇవాళ్టి ఫ్లైట్‌కి అనుమతి వచ్చింది.”

“దూలానికీ పెంకుకీ మధ్య రివెట్లు లేవా?”

వాడు నవ్వాడు. “మీరింకా అక్కడే ఉన్నారా! మొదటి రెండింటికీ నలభై కొట్టాం. మూడోదాన్నుంచి అవీ తీసేశాం. నాలుగు వందల గ్రాములు కలిసొచ్చింది. అంతా జిగురే. మీ కాలంలో భయానికి కొట్టేవాళ్ళు కదా రివెట్లు.”

“భయానికే కొట్టాం. అందుకే ఇంకా బతికున్నాం. పద, రెక్క చూపించు.”

---

రెండూ పదిహేనుకి నన్ను పరీక్షల షెడ్డులో వదిలి, కాపలాకి ఒక మనిషిని పెట్టి, ఇస్త్రీ ఎటో వెళ్ళాడు.

నాలుగో నంబరు తోక రెక్క రెండు బల్లల మీద రెండు ముక్కలుగా ఉంది. ఒకదాని మీద దూలం, ఒకదాని మీద ఊడిన పైపెంకు. నాలుగు అడుగులు అటూ ఇటూ తిరిగాను. ఇలాంటివి చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. రేకుతో చేసిన విమానం అయితే విరిగేముందు వెంట్రుకంత పగులు చూపిస్తుంది, రివెట్ చుట్టూ మసి కక్కుతుంది, ఏదో ఒక రకంగా మొరపెట్టుకుంటుంది. చెవీ కన్నూ ఉన్నవాడు పట్టుకోవచ్చు. ఈ నల్లటి సరుకు బలంలో ఉక్కుని మించుతుంది, బరువులో రేకుకంటే తక్కువ తూగుతుంది, తుప్పు పట్టదు. అన్నీ నిజమే. కానీ లోపల బాగాలేకపోతే ఆ సంగతి ఎవరికీ చెప్పదు. ముప్పై ఏళ్ళ నా అనుభవం దాని ముందు పనికిరాని పనిముట్టు.

భూతద్దం తీశాను. మంచి అతుకు ఊడితే శుభ్రంగా ఊడదు. నార చిరుగుతుంది. రెండు వైపులా జిగురూ నారా పీచులు పీచులుగా లేచి ఉంటాయి. ఈ దూలం పొడవునా చాలాచోట్ల అలాగే ఉంది. కానీ మధ్యమధ్యలో కొన్ని చోట్ల జిగురంతా దూలానికే ఉండిపోయింది. ఎదురుగా పెంకు మీద ఒక్క మరక లేదు. అద్దంలా మెరుస్తోంది. అక్కడ జిగురు అసలు పట్టలేదన్నమాట. ఆనుకుని కూర్చుందంతే.

అలాంటి మచ్చలు లెక్కపెట్టాను. పదకొండు. జేబులో టేపు తీసి కొలిచాను. ఒక్కోటీ నాలుగు అంగుళాల పైచిలుకు వెడల్పు. మచ్చకీ మచ్చకీ మధ్య మూరెడు దూరం. ఇంచుమించు అన్నీ అంతే.

ఎవరైనా కావాలని పాడుచేయాలనుకుంటే ఇంత వరుసగా, ఇంత ఓపికగా చేస్తారా? ఒకచోట ఇంత నూనె గుమ్మరిస్తే చాలు. ఇది కుట్రలా లేదు. అలవాటులా ఉంది.

గోడవారన శుద్ధమైన నీళ్ళ స్ప్రే సీసా ఉంది. అతికించేముందు పైభాగం శుభ్రంగా ఉందో లేదో చూడటానికి వాడతారని కాపలా మనిషి చెప్పాడు. పెంకు మీద మచ్చ లేనిచోట చల్లాను. నీళ్ళు పలచటి పొరలా పరుచుకున్నాయి. మచ్చ మీద చల్లాను. నూనె చెయ్యి తగిలిన పళ్ళెం మీదలాగా నీళ్ళు బొట్లు బొట్లుగా విడిపోయాయి.

మచ్చ చుట్టూ, జిగురు పట్టీకి అవతల కూడా చల్లాను. అక్కడ బొట్లు ఒక ఆకారం కట్టాయి. ముందు అర్థం కాలేదు. బల్లకు ఇవతలి వైపు, మనిషి నిలబడే చోట నిలబడి చూశాక అర్థమైంది. నాలుగు వేళ్ళు పట్టీ దాటి ముందుకు చాచి ఉన్నాయి. బొటనవేలు కుడివైపుకి తిరిగి ఉంది.

నా ఎడమ చెయ్యి దానికి తగలకుండా పైన గాల్లో పెట్టి చూసుకున్నాను. సరిగ్గా సరిపోయింది.

టైము రెండూ నలభై ఎనిమిది.

---

కత్తెరమ్మని పై అంతస్తులో ప్రథమ చికిత్స గదిలో కూర్చోబెట్టారు. చేతులు రెండూ చంకల్లో దాచుకుని కుర్చీలో ముడుచుకుని ఉంది. ఇరవై ఏళ్ళలో జుట్టు నెరిసింది కానీ ఆ చూపు మారలేదు. నన్ను చూసి లేవబోయింది.

“అన్నయ్యా, మీరెందుకొచ్చారు? అది ఫోన్ చేసిందా? దానికి అసలు బుద్ధి లేదు. ఎగరబోయే ముందు ఈ గోల దేనికి!”

“కూర్చో చెల్లెమ్మా. నీకు ఒక్క సంగతి చెప్పాలి. నువ్వు కావాలని చెయ్యలేదని నాకు తెలుసు.”

ఆవిడ కళ్ళు గబుక్కున నిండాయి.

“అతికించే ముందు ఏం చేస్తావు? మొదటినుంచి చెప్పు.”

పని గురించి అడిగేసరికి ఆవిడ గొంతు దానంతటదే లేచింది. “ఏముంది, పెంకు లోపలివైపు జిడ్డు తీసే మందుతో రెండుసార్లు తుడిచి, నీళ్ళు చల్లి చూస్తాం. జిగురు పొర దూలం మీద పరుస్తాం. ఆఖర్న నేను ఒకసారి తడిమి చూస్తాను. లైటు కుడిచేత్తో పట్టుకుని, ఎడంచేత్తో పెంకు మీద ఆ చివరి నుంచి ఈ చివరిదాకా మూరకొకచోట ఆనించుకుంటూ పోతాను. కంటికి కనపడని నలక కూడా చేతికి తగులుతుంది. గుడ్డ కుట్టేటప్పటి అలవాటు. నేను తడిమి సరే అంటేనే మూస్తారు.”

“గ్లోవ్స్ వేసుకునేగా?”

“గ్లోవ్స్ లేకుండా ఆ గది గుమ్మం తొక్కనిస్తారా!”

ఆ మాట పూర్తవుతుండగానే బయట ఇంజన్ల మోత మొదలైంది. ఆవిడ ఆగిపోయింది. మోత పెరిగింది, కిటికీ అద్దాలు గలగలలాడాయి, మెల్లగా దూరమైంది. అది పూర్తిగా వినపడకుండా పోయేదాకా కిటికీ వైపే చూస్తూ కూర్చుంది. గోడ గడియారంలో మూడూ రెండు.

“ఇవాళ మొదటిసారి బాగా వేగంగా కిందికి దూకిస్తారట,” అంది. “మూడూ యాభైకి. చెప్పింది.”

అల్మరాలోంచి ఒక జత గ్లోవ్స్ తీసి ఆవిడ ముందు పెట్టాను. “ఒకసారి వేసుకుని చూపించు.”

చేతులు బయటికి తీయలేదు.

“చెల్లెమ్మా, గంటలో పోలీసులొస్తారు. నీ కూతురు దిగేసరికి నువ్వు ఇంట్లో ఉంటావని మాటిచ్చాను. నన్ను మాట తప్పించకు.”

చాలాసేపటికి తీసింది.  వేళ్ళ సందులన్నీ ఎర్రగా పగిలి, అరచేతులు గీతలు గీతలుగా చీలి ఉన్నాయి. కొన్నిచోట్ల రక్తం ఎండి ఉంది.

“జిగురు నా ఒంటికి పడట్లేదు అన్నయ్యా. ఆరు నెలలైంది. డాక్టరుకి చూపిస్తే ఇక జన్మలో ఆ గదిలోకి రానివ్వరు. ఇదివరకు ఇద్దరికి అలాగే అయింది. తీసుకెళ్ళి స్టోరులో కూర్చోబెట్టారు. పెట్టెలు లెక్కపెట్టుకుంటూ బతకమన్నారు. నాకీ పని తప్ప ఇంకేం వచ్చు?”

“అందుకని ఆ పన్నెండు నిమిషాలు...”

“కెమెరా లేని గది అదొక్కటే. బాత్రూములో ఎప్పుడూ ఎవరో ఒకరుంటారు. పక్కవాళ్ళకి కనపడకుండా క్రీము రాసుకోవాలంటే ఇంకెక్కడికి పోను? రాసుకుని, కాస్త ఆరనిచ్చి, గ్లోవ్స్ వేసుకునేదాన్ని. ఆ మాట చెప్తే చేతులు చూపించమంటారు. చెప్పకపోతే దొంగనంటారు. దొంగన్నా ఫరవాలేదనుకున్నాను. మళ్ళీ ఎప్పటికైనా పనిలోకి రావచ్చని...”

“గుమ్మం మీద బోర్డు ఉంది కదమ్మా. నూనెలూ క్రీములూ కూడదని.”

“గ్లోవ్స్ లోపలుంటే బయటికెలా వస్తుంది అన్నయ్యా? పైగా ఇది నూనె లేనిది. చూడండి.” నడుం దగ్గర మడతలోంచి చిన్న ట్యూబు తీసింది. పైన పెద్ద అక్షరాలతో ‘నూనె రహితం’ అని ఉంది. “నా గదిలో నూనె నిషిద్ధమని దానికి తెలుసు. ఊరంతా తిరిగి, వెనకాల రాసినవన్నీ చదివి, నూనె లేనిది వెతికి మరీ తెచ్చింది నా పిచ్చితల్లి.”

వెనకాల రాసింది నేనూ చదివాను. రెండో పేరే సిలికాన్. నూనె లేకుండా చర్మాన్ని నున్నగా ఉంచేది అదే. నూనెనైనా మందుతో తుడిచేయొచ్చు. సిలికాన్ ఒకసారి తగిలిందంటే తుడిచినకొద్దీ పరుచుకుంటుంది. దాని మీద ఏ జిగురూ పట్టదు. కారుకి రంగులు వేసేవాడికి కూడా ఆ సంగతి తెలుసు. రీడింగులు చూసే ఇంజనీరు పిల్లకి తెలియలేదు. దాని ఉద్యోగం వేరు.

“గ్లోవ్స్ వేసుకో,” అన్నాను. 

వేసుకుంది. ముందు ఎడమ చేతికి. క్రీము రాసిన కుడిచేత్తో ఆ గ్లోవ్‌ని పట్టి లాగింది. ఒక్కో వేలూ సర్దింది. అరచేతి మీద ముడతలు పోయేలా బొటనవేలితో గట్టిగా రుద్దింది. ఆ తర్వాత కుడి చేతికి.

నేను చూసింది తనూ చూసింది. కుడి చెయ్యి ఆగిపోయింది. ఎడమ అరచెయ్యి తిప్పి వెలుగులో పెట్టి చూసుకుంది. రబ్బరు మీద సన్నటి మెరుపు.

“నేనేనా?” అంది.

“కావాలని కాదుగా. పోలీసుల అవసరం లేదు. పద, వాడికి చెప్దాం.”

చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ, ఆ అర నిమిషం నాకు సంబరంగానే అనిపించింది. కేసు తేలిపోయింది. ఇస్త్రీ మొహం ఎలా మాడుతుందో ఊహించుకుంటున్నాను. కత్తెరమ్మ మాత్రం లేవలేదు. పెదవులు కదులుతున్నాయి. ఏదో లెక్క కడుతోంది.

“పుట్టినరోజుకి ఇచ్చింది. పన్నెండో తారీఖున. ఆ సాయంత్రం నుంచే రాసుకుంటున్నాను.” ఊపిరి తీసుకుంది. “నాలుగోది పంతొమ్మిదిన అతికించాం. అన్నయ్యా, మూడోది పద్నాలుగున.”

---

మూడూ ఇరవై ఏడుకి ఇస్త్రీ గదిలోకి తోసుకుని వెళ్ళాను. పోలీసులకివ్వాల్సిన కాగితాలు సర్దుకుంటున్నాడు. నాలుగు ముక్కల్లో చెప్పాను. ట్యూబు బల్ల మీద పెట్టాను.

“విమానాన్ని కిందికి పిలవరా. ఆ దూకుడు ఆపు.”

“మూడోదాన్ని స్కాన్ చేయించానని చెప్పానుగా. ఒక్క ఖాళీ కూడా లేదు.”

“ఖాళీ ఉంటేనే స్కాన్‌కి దొరుకుతుంది. ఇక్కడ ఖాళీ లేదు. రెండూ ఆనుకునే ఉన్నాయి. మాటల్లేని తోడికోడళ్ళు ఒకే ఇంట్లో ఉన్నట్టు. బయటినుంచి చూసినవాడికి ఉమ్మడి కాపురమే. బరువు పడ్డనాడు తెలుస్తుంది. నాలుగోదాన్నీ వంచకముందు స్కాన్ చేశారుగా? అదేమంది?”

వాడు కాగితాల దొంతర్లో ఒకటి బయటికి లాగాడు. చదివాడు. మళ్ళీ చదివాడు.

“బాగుందనే ఉంది,” అన్నాడు మెల్లగా.

“మరి?”

“రెండుసార్లు ఎగిరింది కదా, ఏమీ కాలేదు.”

“నెమ్మదిగా ఎగిరింది!”

“గురువుగారూ, నా సంతకం మీద ఎగురుతోందది. ఇప్పుడు వెళ్ళి నేను రాసింది తప్పని చెప్తే...”

“నీ సంతకం మీద కాదురా. జిగురు మీద ఎగురుతోంది. ఆ నలభై రివెట్లయినా ఉంటే నేనింత అరవను.”

గుమ్మంలో కత్తెరమ్మ నిలబడి ఉంది. నా వెనకే వచ్చేసింది, ఆపబోయిన కాపలా మనిషితో సహా. ఏడవలేదు, అరవలేదు. “బాబూ,” అంది వాడితో, “నన్ను పోలీసులకిచ్చెయ్యి. నేనే చేశానని రాసిస్తాను. ముందు దాన్ని దింపు.”

ఇస్త్రీ ఆవిడ చేతులకేసి చూశాడు.  మెళ్ళో కార్డు తీసి చేత్తో పట్టుకుని పరుగెత్తాడు. కంట్రోల్ గది తలుపు తెరవాలంటే వాడి కార్డే కావాలి. ఆ పరుగులో వాడి చొక్కా ప్యాంటులోంచి ఊడిపోయింది. నేను కుంటుకుంటూ వెనకబడ్డాను. కత్తెరమ్మ నన్ను దాటిపోయింది.

మూడూ ముప్పై ఎనిమిది. కంట్రోల్ గదిలో కళ్ళజోడు పెట్టుకున్న పెద్దాయన ఒకాయన మైకు ముందున్నాడు. ఇస్త్రీ ఆయన చెవిలో చెప్పాడు. ఆయన ఎందుకని అడగలేదు. ఒక్కసారి మా అందరినీ చూసి, మీట నొక్కాడు.

“దూకుడు రద్దు. వెనక్కి రండి. తోక మీద బరువు వెయ్యకండి. నిదానంగా తిరగండి.”

“కారణం?” అంది పైలట్ గొంతు.

“దిగాక చెప్తాం.”

“సరే. తిరుగుతున్నాం. ఇరవై ఆరు నిమిషాలు పడుతుంది.”

దిగేటప్పుడు రెక్కల వెనక పలకలు దించితే తోక మీద ఎక్కువ భారం పడుతుంది. అవి దించకుండా దిగమనండి అన్నాను, మైకు ఇంకా తెరిచి ఉండగానే. ఆయన ఆ మాట పైకి చెప్పాడు. అంతే, నాకు తెలిసింది అయిపోయింది. రేకు విమానమైతే ఇంకో పది జాగ్రత్తలు చెప్పేవాణ్ణి. ఇంతమందిమి ఉన్నాం, ఇన్ని తెరలున్నాయి, ఎవరికీ చెయ్యడానికి పని లేదు. పెద్దాయన చేతులు బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. ఇస్త్రీ గోడకి ఆనుకుని నేల చూస్తున్నాడు.

స్పీకరులో ఆ పిల్ల గొంతు వినిపించింది. “మామయ్య గొంతులా ఉందే! మామయ్యా, మీరక్కడున్నారా? అయితే తేలిపోయినట్టేనా? ఎవరు చేశారు?”

 ఎన్నో కేసుల్లో ఎందరి మొహాల మీదో నిజం చెప్పాను. ఇది మాత్రం గొంతు దాటి రాలేదు. కత్తెరమ్మ నన్ను పక్కకి జరిపి మైకు దగ్గరికి వంగింది. గ్లోవ్స్ ఎక్కడో తీసేసింది. పగిలిన వేలితో మీట నొక్కింది.

“ఎవరూ చెయ్యలేదే. నువ్వు దిగి రా.”

“అమ్మా! నువ్వు అక్కడికెలా వచ్చావు? ఏడుస్తున్నావా? చేతులు మండుతున్నాయా? క్రీము రాసుకున్నావా ఇవాళ?”

జవాబు చెప్పాలి. కత్తెరమ్మ నోరు తెరిచింది. మాట రాలేదు. మీట మీద వేలు అలాగే ఉంది. ఆ మౌనం అంతా పైకి వినిపిస్తూనే ఉంది. చివరికి పెద్దాయన మెల్లగా ఆ వేలు పక్కకి జరిపాడు.

 తర్వాత వచ్చిన గొంతు కూతురిది కాదు, ఇంజనీరుది.

“కంట్రోల్, తోక దగ్గర దూలం మీద ఉన్న రీడింగు తిరిగినప్పటి నుంచి కొంచెం కొంచెం పెరుగుతోంది. నేరుగా ఎగురుతున్నా పెరుగుతోంది. నిన్న నాలుగోదాంట్లో ఊడింది అతుకేనా?”

“అతుకే,” అన్నాడు పెద్దాయన.

 ఆ పిల్ల బుర్ర ఎంత చురుకైందో నాకు ఒంటిగంట ఫోనులోనే తెలిసింది. ఇప్పుడు అది ఏ దారిన పోతోందో ఊహిస్తూ నిలబడ్డాను. ఆపడానికి నా దగ్గర ఏమీ లేదు.

“అమ్మా,” అంది, చాలా నెమ్మదిగా. “మూడోది నువ్వు అతికించింది ఎప్పుడు? నీ పుట్టినరోజుకి ముందా, తర్వాతా?”

కత్తెరమ్మ నా వైపు చూడలేదు, ఎవరి వైపూ చూడలేదు. ఈసారి ఆలస్యం చెయ్యకుండా మీట నొక్కింది.

“ముందే తల్లీ,” అంది. “పదో తారీఖున. నాకు బాగా గుర్తు.”

ఇరవై ఏళ్ళుగా నాకు తెలిసిన మనిషి. అబద్ధం చెప్పగా వినడం అదే మొదటిసారి. ఎక్కడా తొణకలేదు, తడబడలేదు.

“పదో తారీఖా,” అంది ఆ పిల్ల. ఊపిరి తీసుకున్న చప్పుడు స్పీకరులో స్పష్టంగా వినిపించింది. “సరే. అయితే మంచిదే అమ్మా. భయపడకు.”

నమ్మిందో, నమ్మినట్టు తనూ అబద్ధం చెప్పిందో నాకు తెలియలేదు. వెంటనే పైలట్ గొంతు అడ్డొచ్చింది.

“కంట్రోల్, వెనకనుంచి సన్నగా అదురు వస్తోంది. ఇందాక లేదు.”

పెద్దాయన గడియారం చూశాడు. మూడూ నలభై ఆరు. ఇంకా పద్దెనిమిది నిమిషాలు. కత్తెరమ్మ మీట మీద నుంచి వేలు తీసింది. అక్కడ చిన్న రక్తపు మరక ఉంది. చీర కొంగుతో దాన్ని శుభ్రంగా తుడిచి, ఎడమ అరచేత్తో ఒకసారి తడిమి చూసింది.